ఆ కప్పు ఏ ఊరిది?

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం పటాన్ని ఒకసారి ఫుట్‌బాల్ అభిమాని కళ్లతో చూస్తే తమాషాగా ఉంటుంది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరంలో ఉన్నాయి. మాహే అరేబియా సముద్రం ఒడ్డున, కేరళ నేల మధ్య ఉంది. యానాం గోదావరి పాయ పక్కన, తెలుగు పల్లెల నడుమ ఉంది. ఫ్రెంచివాళ్లు వదిలిపోయిన నాలుగు ముక్కలు, మూడు భాషలు. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్, హైదరాబాద్ ఎఫ్‌సీ తలపడినప్పుడు, భాషాభిమానమే లెక్కయితే, ఈ చిన్న ప్రాంతం తనతో తానే ఆడుకున్నట్టు. మాహే ఒకవైపు, యానాం మరోవైపు. పెద్దన్న పుదుచ్చేరిది ప్రేక్షక పాత్రే. దాని దగ్గరి జట్టు చెన్నైయిన్ ఎఫ్‌సీ ఆ ఏడాది ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది.

అలాంటి పుదుచ్చేరి పట్టణంలో, వైతికుప్పం లాంటి మత్స్యకారుల పేటలో అద్దెకు ఉంటూ హైదరాబాద్ జట్టుకు జై కొట్టే యానాం కుర్రాడిని ఊహించుకోండి. ఇరుగూ పొరుగూ చెన్నైయిన్ అంటారు. దేశంలో సగం మంది క్రికెట్ అంటారు. సొంత తెలుగువాళ్లలో చాలామందికి హైదరాబాద్‌కు ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉందన్న సంగతే తెలియదు. అల్పసంఖ్యాకుల్లో అల్పసంఖ్యాకుడు అతడు. అయితే 2021-22 సీజన్ అతడికి ఒక వింత సమానత్వాన్ని ప్రసాదించింది. కోవిడ్ పుణ్యమా అని లీగ్ మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో, ఖాళీ గ్యాలరీల ముందు సాగింది. గచ్చిబౌలి స్టేడియం గోడ పక్కన కాపురమున్న అభిమానికీ, వైతికుప్పం అభిమానికీ ఆటకున్న దూరం ఒక్కటే. టీవీ తెర.

హైదరాబాద్ ‘సొంత’ మైదానంగా ఆ ఏడాది బాంబోలిమ్‌లోని జీఎంసీ స్టేడియాన్ని కేటాయించారు. గచ్చిబౌలిలో జట్టు అసలు ఇల్లు కూడా జీఎంసీయే. అక్కడ ఆ అక్షరాలు లోక్‌సభ మాజీ స్పీకర్ బాలయోగి ఇంటిపేరుతో కలిసిన పొడి అక్షరాలు. ఇక్కడ గోవా మెడికల్ కాలేజీ. బాలయోగి పుట్టిన ఎదుర్లంక యానాంకు అవతలి గట్టునే ఉంది. రెండింటినీ కలిపే వారధికి ఆయన పేరే పెట్టారు. యానాం కుర్రాడికి గచ్చిబౌలి పేరులోనైనా సొంత ఊరి గాలి తగిలేది. బాంబోలిమ్‌లో అదీ లేదు.

ఇక ఆ జట్టు చరిత్ర ఎంత? 2021 నాటికి నిండా రెండేళ్లు. 2019 ఆగస్టు 27న హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. 10 పాయింట్లతో పది జట్లలో ఆఖరి స్థానం. రెండో ఏడాదికి స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. ఆఖరి లీగ్ మ్యాచ్‌లో గోవాతో గోల్స్ లేని డ్రా వల్ల సెమీస్ బెర్త్ చేజారింది. 29 పాయింట్లతో ఐదో స్థానం. అట్టడుగు నుంచి గడప దాకా వచ్చి ఆగిపోయిన జట్టు అది.

మూడో ఏడాది మొదలైంది కూడా గొప్పగా ఏమీ కాదు. 2021 నవంబర్ 23న తొలి మ్యాచ్‌లోనే చెన్నైయిన్ చేతిలో 0-1 ఓటమి. వైతికుప్పంలో ఆ రాత్రి పొరుగువాళ్ల ముందు తల దించుకోక తప్పని ఫలితం. నాలుగు రోజుల తర్వాత అప్పటి చాంపియన్ ముంబై సిటీని 3-1తో కొట్టినప్పుడు గానీ ఇది వేరే జట్టు అని అర్థం కాలేదు. ఆ తర్వాత గోల్స్ వాన. నార్త్‌ఈస్ట్‌పై 5-1, ఒడిశాపై 6-1, ఈస్ట్ బెంగాల్‌పై 4-0, మళ్లీ నార్త్‌ఈస్ట్‌పై 5-0. లీగ్ దశలో 20 మ్యాచ్‌లకు 43 గోల్స్. మరే జట్టూ అన్ని కొట్టలేదు. 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు, 38 పాయింట్లు. జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ ఎత్తుకుపోగా హైదరాబాద్ రెండో స్థానంలో నిలిచింది.

ఈ వానకు మేఘం బార్తొలోమ్యూ ఓగ్‌బెచే. 2002 ప్రపంచకప్‌లో నైజీరియా తరఫున ఆడిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత, 37 ఏళ్ల వయసులో, ఖాళీ స్టేడియాల్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. కోరోమినాస్ పేరిట ఉన్న 48 గోల్స్ లీగ్ రికార్డును ఆ సీజన్‌లోనే దాటేశాడు. పరుగు పందెంలో డిఫెండర్లను ఓడించే వయసు కాదతనిది. బంతి ఎక్కడ పడుతుందో వాళ్లకన్నా అరక్షణం ముందు తెలిసేది. మధ్యలో బ్రెజిల్ ఆటగాడు, కెప్టెన్ జొవావ్ విక్టర్. వెనక స్పెయిన్ నుంచి హువానన్. మారిటానియా నుంచి ఖాసా కమారా. అస్సాం నుంచి హాలిచరణ్ నర్జారీ. మణిపూర్ నుంచి మహ్మద్ యాసిర్. జట్టు ఫొటోలో ప్రపంచమంతా ఉంది, హైదరాబాద్ మాత్రం చొక్కా మీదే ఉంది. అప్పటికి అది ఎవరికీ పట్టలేదు. గెలుస్తున్న జట్టును చిరునామా అడిగేవాళ్లుండరు.

సెమీఫైనల్ ప్రత్యర్థి కోల్‌కతా దిగ్గజం ఏటీకే మోహన్ బగాన్. మార్చి 12న తొలి అంచెలో రాయ్ కృష్ణ గోల్‌తో వెనకబడిన హైదరాబాద్ 3-1తో గెలిచింది. నాలుగు రోజుల తర్వాత రెండో అంచెలో 0-1తో ఓడినా, మొత్తం మీద 3-2తో ఫైనల్‌కు చేరింది.

ఫైనల్ మార్‌గావ్‌లోని ఫతోర్దా స్టేడియంలో. అంతవరకు తాళం వేసి ఉన్న గ్యాలరీలను ఆ ఒక్క రాత్రికి ప్రేక్షకులకు తెరిచారు. వెలివేతకు తెరపడిందని హైదరాబాద్ అభిమాని సంబరపడేలోగా గ్యాలరీ అంతా పసుపు. అది హైదరాబాద్ పసుపు కాదు, కేరళది. రైళ్లలో, బస్సుల్లో, బైకుల మీద మలయాళీలు గోవాను ముంచెత్తారు. లీగ్‌లో పైస్థానం వల్ల ఆ రోజు ‘సొంత జట్టు’ హోదా హైదరాబాద్‌ది. కాబట్టి మైదానంలో పసుపు జెర్సీ వేసుకునే హక్కు హైదరాబాద్‌కు దక్కింది. కేరళ వేరే రంగు వేసుకోవాల్సి వచ్చింది. అలా మైదానంలో పసుపు ఒక జట్టుది, గ్యాలరీలో పసుపు ఇంకో జట్టుది. సొంత జట్టు హోదాతో ఆడుతూ పరాయి కేకల మధ్య నిలబడటం అంటే ఏమిటో హైదరాబాద్ ఆటగాళ్లకు ఆ రాత్రి తెలిసింది.

68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోల్ కొట్టగానే గ్యాలరీ ఊగిపోయింది. సమయం కరిగిపోతూ ఉంది. 88వ నిమిషంలో పెనాల్టీ బాక్స్ బయట పడిన బంతిని సాహిల్ తవోరా నేల తాకనివ్వకుండా వాలీ కొట్టాడు. 1-1. తవోరా గోవా కుర్రాడు. అదనపు సమయంలో గోల్ లేదు. పెనాల్టీ షూటౌట్.

ఇక్కడే ఆ సీజన్ కథల్లోకెల్లా అందమైన కథ ఉంది. గోల్ ముందు నిలబడ్డది లక్ష్మీకాంత్ కట్టిమణి. ఇతనిదీ గోవాయే. 2015 డిసెంబర్ 20న ఇదే ఫతోర్దాలో, ఇదే లీగ్ ఫైనల్లో, సొంత ఊరి జట్టు ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్ అతడే. 90వ నిమిషం దాకా 2-1తో గెలుపు గోవాదే. అప్పుడు బంతి కట్టిమణి చేతిలోంచే సొంత గోల్‌లోకి వెళ్లింది. ఆ వెంటనే చెన్నైయిన్ మరో గోల్ కొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. ఆరేళ్లు ఆ మరక మోసిన మనిషి, 2022లో అదే మైదానంలో లెస్కోవిచ్ కిక్‌ను ఆపాడు. నిషు కుమార్ కిక్‌ను ఆపాడు. గీత దాటి ముందుకు కదిలాడని రిఫరీ మళ్లీ కొట్టిస్తే మళ్లీ ఆపాడు. జీక్సన్ సింగ్ కిక్‌నూ ఆపాడు. హాలిచరణ్ నర్జారీ ఆఖరి బంతిని లోపలికి పంపాడు. 3-1. హైదరాబాద్ చాంపియన్. 2014, 2016 తర్వాత కేరళకు మూడో ఫైనల్ ఓటమి. ఆ రాత్రి మాహే మౌనంగా పడుకుని ఉంటుంది. మొదటి మ్యాచ్ ఓటమికి వైతికుప్పంలో దించిన తల నాలుగు నెలలకు లేచింది.

కథ ఇక్కడ ఆపితే సుఖాంతమే. కానీ అభిమాని కథ ఫైనల్ విజిల్‌తో ఆగదు.

తర్వాతి సీజన్‌లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చి 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం తెచ్చుకుంది. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్స్ లేకుండా ముగిసి, షూటౌట్‌లో ఓడింది. 2023లో మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు. ఆ వెనకే డబ్బు కష్టాలు. బకాయిల కేసులు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం, జీతాలు అందక సీజన్ మధ్యలోనే సర్దుకున్న ఆటగాళ్లు. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటంటే ఒక్కటే గెలుపు. అదీ చెన్నైయిన్‌పైనే. ఎనిమిది పాయింట్లు, ఆఖరి స్థానం. చాంపియన్‌గా నిలిచిన రెండేళ్లకే ఇది. 2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వచ్చింది. 2025 అక్టోబర్‌లో పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడది స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

కోపం తెచ్చుకునే ముందు హైదరాబాద్ అభిమాని ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ శూన్యంలోంచి ఊడిపడలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఖాళీ అయిన స్థానం హైదరాబాద్‌కు దక్కింది. అదే వారంలో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే పుణె అభిమాని పోగొట్టుకున్నది హైదరాబాద్ అభిమానికి దొరికింది. హైదరాబాద్ పోగొట్టుకున్నది, ఆరేళ్ల కిందట తన జట్టును పోగొట్టుకున్న ఢిల్లీకి దొరికింది. మ్యూజికల్ చైర్స్ ఆట. పాట ఆగినప్పుడల్లా ఎవరో ఒకరికి కుర్చీ ఉండదు. 2019లో హైదరాబాద్‌లో సంబరం జరుగుతున్నప్పుడు పుణె గురించి ఎంతమంది ఆలోచించారు?

యజమానుల వాదనా తీసిపారేయదగ్గది కాదు. కోట్లు పోసి నష్టాలు మోసే వ్యాపారం ఇది. కొచ్చి నిండినట్టు గచ్చిబౌలి నిండలేదు. 2025 నాటికి లీగ్ భవిష్యత్తే గాలిలో పడింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగ్ నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం గడువు డిసెంబర్‌తో ముగియనుండటంతో జూలైలోనే కొత్త సీజన్‌ను పక్కన పెట్టారు. అలాంటప్పుడు యజమాని తన లెక్క తాను చూసుకుంటాడు. తప్పు లెక్క చూసుకోవడంలో లేదు. ఆ లెక్కలో అభిమానికి ఒక గడి కూడా లేకపోవడంలో ఉంది.

ఇది అర్థం కావాలంటే వైతికుప్పం తీరానికే రావాలి. ఏటా మాసి నెలలో మఖ నక్షత్రం నాడు ఇక్కడ మాసి మగం జరుగుతుంది. చుట్టుపక్కల గుళ్ల నుంచి, మైలం మురుగన్ సహా, దేవుళ్లు పల్లకీల్లో, వాహనాల మీద ఊరేగి వచ్చి సముద్ర స్నానం చేస్తారు. జనం తండోపతండాలుగా వస్తారు. అయితే వచ్చేవి ఉత్సవమూర్తులు. మూలవిరాట్టు గుడి వదిలి కదలదు. స్నానం అయ్యాక ఉత్సవమూర్తి తిరిగి గుడికి చేరతాడు. ఎంత దూరం ఊరేగినా భక్తుడికి బెంగ ఉండదు, దేవుడి అడ్రసు తెలుసు కాబట్టి.

2021-22లో హైదరాబాద్ జట్టు అలా ఊరేగింపుకు వెళ్లిన ఉత్సవమూర్తే. గోవాలో ఆడినా, ఖాళీ కుర్చీల ముందు ఆడినా, తిరిగి గచ్చిబౌలికి వస్తుందన్న నమ్మకం ఆ సీజన్‌ను హైదరాబాద్ సీజన్ చేసింది. వచ్చింది కూడా. 2025లో వెళ్లింది మాత్రం రాలేదు. అప్పుడు గానీ తెలిసిరాలేదు, గుడిలో మూలవిరాట్టు లేదని. మన లీగ్‌లో క్లబ్బుల పేరిట చాలాచోట్ల ఉన్నవి పల్లకీలే.

హైదరాబాద్‌కు మూలవిరాట్టు ఒకప్పుడు ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పూ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత జట్టు కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టాడు. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ నేల మీదే బంతి తన్నడం నేర్చుకున్నాడు. ఆ జట్టు ఎవరి వ్యాపారమూ కాదు. ఆటగాడు నగరంలో ఉద్యోగి, నగరంలో కాపురం, పొద్దున నగరంలో ప్రాక్టీసు. దాన్ని ఢిల్లీకి తరలించడం చార్మినార్‌ను తరలించడంలాంటిది. కాలక్రమంలో ఆ జట్టు ప్రాభవమూ పోయింది, నిజమే. కానీ వాడిపోవడం వేరు, పెకిలించుకుపోవడం వేరు. వాడిన చెట్టు వేరైనా నేలలో ఉంటుంది.

ఈ సమస్య మనదొక్కరిదే కాదు. లండన్‌లోని వింబుల్డన్ ఎఫ్‌సీ 1988లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్. 2002లో దాన్ని దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించేందుకు అనుమతి దొరికింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. అదే ఏడాది తమ సొంత క్లబ్‌గా ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను స్థాపించి, ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో కింది మెట్ల నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో, 2011లో, ప్రొఫెషనల్ లీగ్‌లోకి ఎక్కారు. 2020లో తమ పాత వీధి ప్లవ్ లేన్‌కే కొత్త స్టేడియంతో తిరిగొచ్చారు. జర్మనీలో గొడవే వేరు. అక్కడ కొద్ది మినహాయింపులు పోగా, క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్నది నిబంధన. పెట్టుబడిదారు డబ్బు పెట్టవచ్చు, ఊరు మార్చలేడు.

హైదరాబాద్ అభిమాని రేపే జర్మనీ కోరుకోవడం అత్యాశ. వింబుల్డన్ బాట పట్టాలంటే మైదానాలు కావాలి, కింది స్థాయి లీగ్‌లు బలంగా ఉండాలి, పదేళ్ల ఓపిక కావాలి. గచ్చిబౌలిలో డెక్కన్ లీజియన్ పేరుతో డప్పులు మోగించిన అభిమానుల గొంతు ఉంది, అది ఆరంభం కావచ్చు, కాకపోనూ వచ్చు. అంతకన్నా చిన్న కోరికలు కొన్ని మాత్రం న్యాయమైనవి. క్లబ్ ఊరు మారే ముందు అభిమానులను పిలిచి మాట్లాడాలి. పత్రికా ప్రకటనలో చదివి తెలుసుకునే గతి వాళ్లకు పట్టకూడదు. మారినా సరే, పాత ఊళ్లో సాధించిన చరిత్ర పాత ఊరి పేరిటే ఉండాలి. ఢిల్లీ అభిమాని కొత్త జట్టును ప్రేమించవచ్చు, అది అతడి హక్కు. కానీ కట్టిమణి ఆపిన ఆ కిక్కులు అతడివి కావు. పుణె జ్ఞాపకాలు హైదరాబాద్‌వి కానట్టే.

చట్టం దృష్టిలో ఆటగాళ్ల ఒప్పందాలు, లీగ్‌లో స్థానం యజమాని ఆస్తి. ఒప్పుకోవాల్సిందే. ఒక సీజన్ మాత్రం ఆస్తి కాదు. 2021 నవంబర్ నుంచి 2022 మార్చి దాకా, స్టేడియం గడప తొక్కే వీలు లేకపోయినా, చాంపియన్ అవుతుందో లేదో తెలియకపోయినా, రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చున్నవాళ్లు దాని హక్కుదారులు. వాళ్లు గచ్చిబౌలిలో ఉన్నారా, యానాంలో ఉన్నారా, వైతికుప్పంలో ఉన్నారా అన్నది ఆ ఏడాది లెక్కలోకి రాలేదు. జట్టుకు ఇల్లు లేని సీజన్‌లో ఇల్లయింది వాళ్లే.

మిల్టన్ కీన్స్ కథలో ఒక చివరి పుట ఉంది. 2007లో ఆ క్లబ్ పాత వింబుల్డన్ ట్రోఫీలను, 1988 ఎఫ్ఏ కప్ నమూనాతో సహా, వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు తిరిగి అప్పగించింది. అవి మావి కావని ఒప్పుకుంది. దయతో ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వింబుల్డన్ అభిమానులూ, ఇంగ్లండ్‌లోని ఇతర క్లబ్బుల అభిమానులూ అడిగారు కాబట్టి ఒప్పుకుంది. హైదరాబాద్ తన కప్పును అడగాల్సి ఉంది.